చెల్లు

ప్రింటరు పోయి రెండేళ్లయింది.
కొత్తపేట పాత ఇనుము కొట్లో
కిలో పద్దెనిమిది లెక్కన తూచి ఇచ్చేశాను,
దాని తెల్ల వైరుతో సహా.
దాని సాఫ్ట్‌వేరు మాత్రం
కంప్యూటర్లో కాపురం ఖాళీ చెయ్యలేదు.
పొద్దున్నే మిషన్ ఆన్ చేస్తే చాలు
కాగితం అయిపోయిందంటూ
లేని ట్రేని నింపమని అడిగేది.

శుక్రవారం రాత్రి యార్డు నుంచి వచ్చి,
ముక్కులో మిరప ఘాటు ఇంకా దిగకముందే
తీసెయ్యమని చెప్పాను.
సరేనంది. నలభై శాతం దాకా తీసింది.
అప్పుడు బ్రాడీపేట నాలుగో లైను మొత్తానికి
కరెంటు పోయింది.

వచ్చాక చూస్తే
అది ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు.
తీసెయ్యబోతే, ముందు మళ్లీ ఎక్కించు, అప్పుడు పోతానంటుంది.
ఎక్కించబోతే, ముందు ఉన్నదాన్ని తియ్యి, అంటుంది.
ఈలోగా ఇంకెవర్నీ లోపలికి రానివ్వదు.
తెలుగు ఫాంటు అడిగితే కుదరదు,
కొత్త బ్రౌజరు అడిగితే కుదరదు.
గుమ్మానికి అడ్డంగా పడుకున్న
అలిగిన అల్లుడు.

పై వాటా నసీమా, పాలిటెక్నిక్ రెండో ఏడు,
అన్నం ముందు నుంచి లేచి వచ్చింది,
వేళ్లకి ఇంకా గోంగూర వాసన.
నల్ల తెర తెరిచి చకచకా ఏదో కొట్టి
"అంకుల్, పోయేటప్పుడు ఏం చెయ్యాలో
ఇది ముందే ఓ కాగితం రాసిపెట్టుకుంది, చూడండి" అంది.
చూశాను. పన్నెండు వరసలు.
పోయేముందు ప్రింటరుని పిలవాలట.
అది పలికి, ఆగాను, అన్నాక గానీ
తను లేవకూడదట.
పిలుస్తోంది. పలకడం లేదు.
మళ్లీ పిలుస్తోంది.
ఇనుము కొట్లో ముక్కలై ఏ కొలిమికి వెళ్లిందో
దీనికి ఎవరు చెప్పారు కనక?

నాకెందుకో బొంతు ఏసోబు గుర్తొచ్చాడు.
ప్రత్తిపాడు నుంచి తేజ కాయ తెచ్చేవాడు.
గోతాం మూతి విప్పుతూ అందరికన్నా ముందు తనే తుమ్మేవాడు.
మిర్చి మానేశాడు,
చిలకలూరిపేటలో ఆటో తోలుతున్నాడని విన్నాను.
అతని పేజీలో రెండువేల మూడొందల నలభై
ఏటా కొత్త పుస్తకంలోకి
నా చేత్తోనే ఎత్తి రాస్తున్నాను.
వెనకటి బాకీ.
వెనకటి బాకీ.

"మొదటి వరసలో ఇది రాయండి" అంది నసీమా.
బయటికి పో, సున్న. అంతే.
"సున్నంటే?"
"అంతా బాగానే జరిగిందని."
ముప్పై ఏళ్లు కమీషన్ కొట్లో లెక్కలు రాసినవాణ్ణి,
సున్న చుట్టడమంటే మునిగిపోవడమనే తెలుసు.
ఇక్కడ ఒకటన్నా తప్పేనట, రెండన్నా తప్పేనట,
సున్న ఒక్కటే క్షేమమట.
"మరి ప్రింటరు పలకలేదుగా, అబద్ధం కాదూ?"
"కింద వరసలు అది చదవదు అంకుల్."

రాశాను. ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ.
మళ్లీ తీసెయ్యమన్నాను.
ఈసారి ఎవర్నీ పిలవలేదు.
తెర మీద మూడు వరసలు పడ్డాయి,
కర్సరు కొత్త వరసలోకి దిగి
మినుకుమంటూ నిలబడింది.
నసీమా అప్పటికే మెట్లెక్కుతోంది,
రీస్టార్ట్ చెయ్యమని పైనుంచి కేక.

సోమవారం యార్డులో
ఏసోబు పేజీ తీశాను.
చెల్లు అని అడ్డంగా రాయడానికి
ఎర్ర పెన్ను మూత కూడా తీశాను.
బాకీ నాది కాదు, షావుకారు పిచ్చయ్యగారిది.
ఆయన పక్కనే
మచ్చుకాయని అరచేతిలో నలిపి గింజలు చూస్తున్నారు.
"ఏసోబుది కొట్టేద్దామాండీ?
ఇహ రాడు" అన్నాను.
గింజలు దులుపుకున్నారు.
"ఉండనీవయ్యా.
ఎప్పుడన్నా మళ్లీ మిర్చేస్తే
ఆ బాకీ ఉందనన్నా మన కొట్టుకొస్తాడు."

తుమ్మొచ్చింది నాకు. ఆయనకీ వచ్చింది.
పుస్తకం మూశాను.
పెన్ను మూత పెట్టడం మర్చిపోయినట్టున్నాను,
సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పితే
జేబు కింద ఎర్రగా,
రూపాయి బిళ్లంత.