పాయింటు

కాజీపేట యార్డు వెనుక ఖాళీ జాగలో
పన్నెండు పీవీసీ పైపులు పాతుకున్నాను.
ఒక ఆటో టైరు, కొయ్యకు వేలాడుతూ.
గోనెసంచులు కుట్టిన సొరంగం,
ఇంకా అందులో వడ్ల వాసన.

దాని పేరు జొన్న.
రొట్టె కాస్త మాడినచోట ఉండే రంగు.

మూడు వారాలుగా ఒకటే తప్పు.
సొరంగం దాటి కుడికి రావాల్సింది
ఎడమకు ఉరికి టైరులోంచి దూకుతుంది.
దూకి, మెచ్చుకోమన్నట్టు చూస్తుంది.
"గిటు! గిటు రావే!"
నా అరుపు సగం గూడ్సు బండి పట్టుకుపోతుంది.

మొగిలి ఫోన్లో తీసిన వీడియో
చాయ్ బండి దగ్గర మెల్లగా నడిపి చూశాం.
నోరు గిటు అంటోంది.
భుజం గటే తెరిచి ఉంది,
చెప్పు ముక్కు సూటిగా టైరుకేసి.
"కుక్క చెవులతోని వినదక్కా,
నీ కాళ్లు జూస్తది."

చాయ్ చల్లారిపోయింది.
పదకొండేళ్లుగా పాయింట్లు మార్చే చేతులివి.
ఇంజను మీదికొచ్చాక పట్టా మార్చకూడదని
నాకొకరు చెప్పాలా?

ఈ పొద్దున నోరు మూసుకున్నాను.
గోనె ఇంకా కదులుతుండగానే,
దాని మూతి వెలుతురు చూడకముందే
కుడికి తిరిగాను. మడమతో సహా.

వచ్చింది.
నా మోకాలిని రాసుకుంటూ,
మట్టి చిమ్ముకుంటూ, పైపుల వైపు.

నమ్మలేక ఆగిపోయాను.
ఆగమన్నాననుకుని
అదీ ఆగింది,
మూడో పైపు దగ్గర,
ఒక కాలు గాల్లోనే.