షార్టేజి

బల్ల మాదిరి వాయిద్యం.
నాలుగు కాళ్లు, పది తీగెలు, కింద మూడు పెడళ్లు.
రైల్వే ఇన్‌స్టిట్యూటు వెనకగదిలో
విరిగిన క్యారంబోర్డుల కింద ముప్పయ్యేళ్లు పండుకున్నెంట.
ఏబేలు సైకిలు క్యారియరుకు కట్టుకొచ్చి
"షెల్డన్ దొరది, ఖాజా తాతా. స్టీలు గిటారు.
ఈస్టరుకు చర్చిలో మోగాల" అన్నాడు.

నాకు పాట తెలీదు.
గుంతకల్లు డీజిల్ షెడ్డులో ఇరవయ్యారేళ్లు
స్టోర్సు కిటికీ ఎనక కూచున్నోణ్ణి.
నట్టుకు రసీదు, వాషరుకు సంతకం.
రిటైరైనంక కుట్టుమిషన్లు, పెట్రమాక్సు లైట్లు,
పెండ్లి బ్యాండోళ్ల బాకాలు తోముతుంటా,
చేతులు ఊరకుండక.

వసారాలో పాత పేపరు పరిచినా.
విప్పిన ప్రతి మరకూ పక్కన పెన్సిలుతో నంబరు.
విప్పేదెవరైనా విప్పుతారు,
ఏది యాడిదో గుర్తుండాల గదా.

నికెలుకు చింతపండు పెట్టగూడదు.
మా రసూల్‌బీ బిందెలకు పెట్టినట్ల పెడితే
పూత లేచిపోయి
లోపలి ఇత్తడి పచ్చగా పళ్లికిలిస్తాది.
క్రోము మీది తుప్పుకు
సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం, రెండు చుక్కల నీళ్లు.
మెల్లగా, పసిబిడ్డ చెవి తుడిచినట్ల.
ముందు నల్లటి బురద వస్తాది.
దాని కింద నుంచి నా ముక్కు,
తర్వాత కండ్లద్దాలు.

తీగెలు వంగేకాడ అల్యూమినియం వేళ్లు పది.
ఒక్కోదానికీ ఒక గాటు,
బాయి ఒరను చేంతాడు కోసినట్ల.
మూడో వేలికి లోతెక్కువ.
దొరకు ఆ తీగెతోనే ఎక్కువ పని పడిందేమో.
ఆ గాట్లను నేను ముట్టుకోలే.

కిరసనాయిల్లో పండ్లబ్రష్షు ముంచి
బోర్లేసి చూస్తే కడ్డీలు, కొక్కేలు, లివర్లు,
మా షెడ్డే చిన్నదై మలుచుకున్నట్టు.
ఆడ కనిపించినాయి.
కడ్డీ జారకుండా దూర్చి
రెండు కాళ్లూ యెడం చేసిన స్ప్లిట్ పిన్నులు.
తొమ్మిది.
ఇవి గిటారుతో పుట్టినవి కావు.
ఆ మందం, ఆ మెడ వంపు,
వేలకు వేలు లెక్కబెట్టిన బొటనవేలు
చూడకముందే చెప్పేసింది.

ఎనభైయేడు, ఆగస్టు.
స్టాకు తనిఖీలో తొమ్మిది పిన్నులు షార్టేజి అని
ఎర్రసిరాతో రాసింది నేను.
ఖలాసీ పుల్లన్న పేరు మీద రాసినా.
మూడు దినాల జీతం పోయె.
ఆ మనిషి నోరు తెరవలే.
వేలిముద్ర వేసి
వేలు చొక్కాకు తుడుచుకుని పాయె.

సాయంత్రం కసాపురం దోవ పట్టినా.
కొట్టంలో శనక్కాయలు వలుస్తున్నాడు.
విప్పేటప్పుడు విరిగిన పిన్ను ఒకటి
అరచేతిలో పెట్టి చూపించినా.
వెలుతురుకు పట్టి, ఊదినాడు.

"శనివారం రేత్రి ఆ కంచె బయట నిలబడేటోణ్ణి సారూ.
లోపలికి మన్ని రానిచ్చేటోళ్లు కాదు.
దొర కాలితో తొక్కితే పాట వంగేది,
మలుపులో గూడ్సు బండి వంగినట్ల.
ఒకనాడు కడ్డీలూడి సగంలో నిలిచిపాయె.
అంతే."

అంతే అంటే ఎంతో నేనడగలే.
తీసినానని అనలే, తీయలేదనీ అనలే.
గుప్పెడు శనక్కాయలు నా జేబులో పోసి
"మళ్లా మోగుతాదా?" అన్నాడు.

ఎనిమిది పిన్నులూ తోమి ఎక్కించినా.
తొమ్మిదోదానికి బజారంతా తిరిగినా,
ఆ సైజు దొరకలే.
చివరికి ఇంట్లో మేకుల డబ్బా కుమ్మరిస్తే
అడుగున ఒకటి, అదే మందం, అదే మెడ వంపు,
షెడ్డు గ్రీజు ఇంకా ఆరలేదు.

ఎప్పుడు తెచ్చుకున్నానో గుర్తులే.
రసీదైతే లేదు.

దూర్చి,
పటకారుతో రెండు కాళ్లూ వంచినా.