శనివారం కార్డులు

పోటు తగ్గి నీళ్లు దిగిపోయిన పొద్దుల్లో
రూపెల్ నది బురద వాసన
ప్రజాభవనం వెనకగదిలోకి నడిచొచ్చేది,
రాత్రి ఒలికిన బీరు వాసనకు తోడుగా.
తొమ్మిదింటికల్లా బెంచీ నిండేది.
నేను టైపు మిషను మీది గుడ్డ తీసేదాన్ని.

గొమ్మార్ స్టేనాకర్స్ చొక్కా చేతులు మడిచేవాడు.
ముంజేతి మీద కాలిన మచ్చ,
పన్నెండో ఏట ఇటుకల ఆవం పెట్టిన సంతకం.

మనిషికో కార్డు.
పేరు, వీధి, అడిగింది.
వితంతు పింఛను.
టెలిఫోను, నాలుగేళ్లుగా.
కొడుక్కి సైన్యం నుంచి మినహాయింపు, ఇంట్లో సంపాదించేది వాడొక్కడే.
మొరాకో నుంచి వచ్చిన హమ్మాదీకి
భార్యను పిలిపించుకునే కాగితం.
అతనికి మా యాస రాదు, ఈయనకు అతని భాష రాదు,
ఇద్దరూ రోజుకెన్ని ఇటుకలో వేళ్ల మీద చెప్పుకుని
అరగంట నవ్వారు.
పనైతే ఎర్ర పెన్సిలుతో ఒక టిక్కు.
"మన సోషలిజం ఇంతే ఇర్మా,
మిగతాది మే డే నాడు బ్యాండు వాళ్లు వాయిస్తారు."

ఓట్లు కొనుక్కోవడమే కదా అన్నాడు చర్చి పార్టీ నోటరీ.
ఒక్కోసారి నేనూ అనుకున్నాను.
కానీ కొత్త కాలనీలో, స్నానాల గది ఉన్న మొదటి ఇంట్లో
ఓడిలియా ముసలమ్మ
కుళాయి తిప్పి, కట్టి, మళ్లీ తిప్పి
వేడినీళ్ల కింద చెయ్యి తియ్యకుండా నిలబడింది చూడండి,
ఆ తర్వాత ఆ మాట నా నోటి దాకా రాలేదు.

పార్టీ భాష వెంబడి రెండుగా చీలిన ఏడు
పార్లమెంటు క్యాంటీన్లో ఆయన ఎదుటి కుర్చీ ఖాళీ అయింది.
లియేజ్ గని కార్మికుడి కొడుకు కూర్చునే కుర్చీ అది.
"పచ్చి ఇటుక విరిగితే మళ్లీ పిసకొచ్చు.
కాలింది విరిగితే గుంతలో పోసుకోవడమే"
అన్నాడు, రైల్లో,
నాతో కాదు, కిటికీతో.

మంత్రి పదవి పదకొండు నెలలు.
కఫ్ బొత్తాం కింద ఆ మచ్చ కనిపించలేదు.
ప్రభుత్వం పడిపోయిన మంగళవారం
నల్ల కారు డ్రైవరు టోపీ తీశాడు,
ఈయన రెండో తరగతి టికెట్టు కొన్నాడు.
శనివారం బెంచీ నిండే ఉంది.
మంత్రిగా ఏం చేశారని ఎవరూ అడగలేదు.
చూరు కారుతోందన్నారు.

ఆవాలు ఒక్కొక్కటే చల్లారాయి.
మట్టి తవ్విన గుంతల్లో నీళ్లు చేరాయి,
నీళ్లలో బాతులు.
ఆ ఆదివారం రాత్రి ఓట్లు లెక్కపెడుతుంటే
హమ్మాదీలను తరిమేస్తామన్న పార్టీకి
ఎక్కువ పడ్డది ఓడిలియా వీధిలోనే.
ఆయన కోటు తొడుక్కున్నాడు, విప్పాడు, మళ్లీ తొడుక్కున్నాడు.
"కుళాయిలు పనిచేస్తున్నాయా అక్కడ?" అని మాత్రం అడిగాడు.

పెట్టెలు ఖాళీ చేసే రోజున
నాకొక కార్డు దొరికింది, డెబ్బై నాలుగుది.
రెమి. ఆయన భార్యకు తమ్ముడు.
రేకుల ఫ్యాక్టరీ దుమ్ము పీలిస్తే ప్రమాదమా, కనుక్కోండి.
కింద ఆయన దస్తూరీ:
ఎనిమిది వందల ఉద్యోగాలు. తర్వాత.
టిక్కు లేదు.

రెమి ఊపిరితిత్తుల్తో పోయి అప్పటికి ఆరేళ్లు.

కార్డు ఆయన ముందు పెట్టాను.
పెట్టకుండా ఉండొచ్చు.
ఎర్ర పెన్సిలు అడిగాడు, ఇచ్చాను.
ముల్లు ఉందా అని వేలితో చూసుకున్నాడు.
"తర్వాత" కింద గీత గీశాడు,
ఒకటి, దాని మీదే ఇంకొకటి,
కాగితం చిరిగేదాకా.

ఆయన పోయాక బ్యాండు వాళ్లు వచ్చారు.
నలుగురే మిగిలారు, అందులో ఒకడికి దమ్ము లేదు.

రెమి కూతురు ఈసారి మునిసిపాలిటీకి నిలబడింది,
వేరే పార్టీ, ఆకుపచ్చ జెండా.
కార్డుల పెట్టె ఇమ్మని రెండుసార్లు వచ్చింది.
ఓటు ఆమెకే వేశాను.
పెట్టె ఇంకా ఇవ్వలేదు.