రెండో అంతస్తు, పడమటి వాకిలి

పొద్దున పదింటికి చూసినప్పుడు
ఇల్లు ఇల్లులాగే ఉంది.
రెండు గదులు, వంటింట్లో నల్లరాతి బండ,
బాల్కనీలో నిలబడితే
ఎదురు మిద్దె మీద ఆరేసిన లుంగీల సందులోంచి
శేషాచలం ముక్క ఒకటి.
"కొండ కనపడే ఇల్లు ఈ బాడుగకు తిరపతిలో యాడా రాదుమ్మా"
అన్నాడు చెంగల్రాయులు,
కొండకు కూడా తానే ఓనరైనట్టు.

నేను కొండను చూడలేదు.
తలుపు గడియ చుట్టూ గీతలు చూశాను.
స్క్రూడ్రైవరో, ఇనుప కడ్డీయో,
ఎవరో ఓపిగ్గా తవ్వి తవ్వి వదిలేసిన గీతలు.
కొత్త పెయింటు వాటిని కప్పలేదు,
ఆకుపచ్చ గీతలు చేసింది.
"ముందున్నోళ్ళు తాళంచెవి పారేసుకున్నార్లే"
అన్నాడాయన, నేను అడక్కముందే.

బాడుగ ఏడున్నర వేలు.
ఇప్పుడుండే చోట పదకొండు.
తేడా మూడున్నర.
అంటే దేవసేన ట్యూషను, నెలకో గ్యాసు బండ,
ఆపైన ఎవర్నీ అడక్కుండా కొనుక్కునే ఒక చెప్పుల జత.

సాయంత్రం ఆరింటికి మళ్ళీ వెళ్ళాను.
వీధి మొదట్లో వైన్ షాపు,
దాన్ని ఆనుకుని మునిలక్ష్మి బోండాల బండి,
ఒకే బల్బు కింద రెండు వ్యాపారాలు.
"పద్నాలుగేండ్లుగా ఈడనే ఉండా.
మంచోళ్ళూ ఉండారు, చెడ్డోళ్ళూ ఉండారు.
తొమ్మిది దాటితే మాత్రం
ఇద్దరూ ఒకే మాదిరి కనపడతారు."
రెండు బోండాలు కాగితంలో చుట్టిచ్చి
ఒకదానికే డబ్బు తీసుకుంది.

ఆస్పత్రి ల్యాబులో నా డ్యూటీ దిగేది పదిన్నరకు.
అందుకే మూడోసారి ఆ వేళకే పోయాను.
మస్తాన్ ఆటో సందు మొదట్లోనే ఆపాడు.
స్తంభాలు లెక్కపెట్టాను: ఏడు. వెలిగేవి మూడు.
అడుగులు లెక్కపెట్టాను: నూట ఎనభై ఆరు.
రోజంతా రక్తపు చుక్కలో కణాలు లెక్కపెట్టేదాన్ని,
లెక్క తేలితే భయం తగ్గుతుందనుకున్నా.
తగ్గలేదు. దానికో అంకె వచ్చింది.

వెలగని నాలుగో స్తంభం కింద
బైకు మీద ముగ్గురు పిల్లకాయలు.
నన్ను చూసి మాటలాపారు.
తాళంచెవిని వేళ్ళ సందున మొన బయటికి పట్టుకున్నాను.
ల్యాబు బీరువాది. ఇంత పొడవు కూడా లేదు.
ఒకడు సెల్‌ఫోన్ లైటు వేశాడు.
"అక్కా, కాలవ మీద బండ లేదు, చూసి దాటు."
దాటాను.
ఆ వెలుగు మొదట పడింది
కాలవ మీదనా, నా ముఖం మీదనా,
మూడు రోజులుగా తేల్చుకోలేకపోతున్నా.

ఇప్పుడుండే కాలనీ మంచిదని అందరూ అంటారు.
గేటుంది, కెమెరా ఉంది. దొంగ రాడు, నిజమే.
నేనెప్పుడొచ్చిందీ, ఎవరు దించిపోయిందీ
కింది పోర్షన్ రాజేశ్వరమ్మ తేదీతో సహా చెప్తుంది.
మొన్న ఎమర్జెన్సీ కేసులొచ్చి ఒంటిగంటయితే
గేటు తీయడానికి ఇరవై నిమిషాలు పట్టింది.
ఆ ఇరవై నిమిషాలూ నడిరోడ్డు మీద
నేను క్షేమమైన ఏరియాలోనే నిలబడి ఉన్నా.

దేవసేనను తీసుకెళ్ళి చూపించాను, పగటిపూటే.
జానలతో గోడ కొలిచి
"బల్ల ఈడ పడుతుందమ్మా" అంది.
గీతలు దానికీ కనపడ్డాయి.
వేలితో ఒకదాన్ని చివరిదాకా రాసి
"తలుపు తెరుచుకోలేదు కదా, గట్టిదే" అంది.

అది ట్యూషన్ నుంచి వచ్చేది ఏడింటికి.
నేను వచ్చేది పదిన్నరకు.
మూడున్నర వేలు. మూడున్నర గంటలు.
రాత్రంతా ఈ రెండింటినీ
త్రాసులో అటూ ఇటూ మారుస్తున్నా.

పొద్దున్నే చెంగల్రాయులు ఫోను:
"ఇంకో పార్టీ వచ్చిందమ్మా, ఏ సంగతీ చెప్పు."
"నాలుగో స్తంభానికి లైటు వేయించండి, చెప్తా" అన్నాను.
"స్తంభం నాదా ఏంది, అది మున్సిపాలిటోళ్ళదిలే."
కొండ మాత్రం ఆయనదే.
నవ్వొచ్చింది.
నవ్వు ఆగకముందే
అడ్వాన్సు ఎన్ని నెలలదని అడిగేశాను.