రిపోర్టులో లేని గడి

నల్లకుంట ల్యాబులో నాది రాత్రి డ్యూటీ.
ఎవరెవరి నెత్తురో గాజుపలక మీద పరిచి
తెల్లకణాలు లెక్కపెడతాను.
వేలి కింద కౌంటరు టిక్కుటిక్కుమంటుంది.

మొన్న పనిలేని ఓ రాత్రి
నా నెత్తురు నేనే మిషన్లో పెట్టుకున్నా.
ఇంత ఎండ కాసే ఊళ్లో
నా డి విటమిన్ తొమ్మిది!
డాక్టరమ్మ నవ్వింది.
మాత్రల సీసా కొన్నాను,
మూత తీయడమే మరిచాను.

విద్యానగర్ మలుపులో
జొన్నరొట్టెలు కొట్టే బాలమణి
పిండి చేతులు ఆపకుండానే అడిగింది:
"మూడొద్దుల సంది దగ్గుతున్నవ్.
రాత్రిపూట ఏం తింటవ్?"
రెండు చాయ్‌లు, ఓ సమోసా, చిప్స్ అన్నా.
"గది తిండి గాదు బిడ్డా,
కడుపుకు జెప్పే అబద్ధం."
అంతే. రొట్టె మీద ఇంత పుంటికూర వేసి
ఉల్లిగడ్డను పిడికిలితో పగలగొట్టింది.

ఇప్పుడు డ్యూటీ దిగి
తిన్నగా పరదాల చీకట్లోకి పోవడం లేదు.
ఎండ ముదిరేదాకా ఆగి, మిద్దె మీద
నీళ్ల ట్యాంకు పక్కన
చేతులు మడిచి కూర్చుంటా,
బత్తాయి తొనలు వలుచుకుంటూ.
ఆనక ఫోన్ని బియ్యం డబ్బాలో పాతేసి
మూడింటిదాకా పడుకుంటా.

దగ్గు పూర్తిగా పోలేదు.
బాలమణి మాత్రం అడగడం మానేసింది.

నిన్న రాత్రి ఎవరిదో స్లైడు.
ఊదా రంగులో ఒక తెల్లకణం
దేన్నో మింగబోతూ అలాగే ఆగిపోయింది.
ఈ మనిషి రాత్రి ఏం తిన్నాడో,
కంటినిండా పడుకున్నాడో లేదో!
రాద్దామని చూశాను.
రిపోర్టులో ఆ గడి లేదు.