మూడోసారి

లాటన్‌లో ఈ ఏడు చలి ముందే దిగింది.
గుమ్మం కింద పాత తువ్వాలు కుక్కి
వంటింటి బల్ల మీద ఫారం పరిచాను.
హార్లన్ చేతిలో పెన్ను నిలవదు,
అందుకే అతని యుద్ధం నా దస్తూరీలో.

పదకొండో గడి:
ఈ గాయం పోరులోనే తగిలిందా?
అవును. కాదు.
'కాదు' గడి కాస్త పెద్దదని నా అనుమానం.

ముందు బండి కింద మందుపాతర పేలితే
వీళ్ళ డ్రైవరు చక్రం తిప్పేశాడు,
ట్రక్కు బోల్తా పడింది.
అది రోడ్డు ప్రమాదమని రాశారు పోయినసారి.
ఎంత మర్యాదగా రాశారో!
చివర్న మీ సేవకు కృతజ్ఞతలట.

వెన్నుకి నలభై శాతం, చెవికి పది.
ఆ డబ్బూ ఇరవై రెండేళ్ళ పింఛనులోంచి కోసిందే,
కుడి జేబులోది ఎడమ జేబులోకి.

చూసినవాళ్ళ సంతకం కావాలి.
చూసినవాడు ఎస్పినోజా ఒక్కడే,
ఇతన్ని చంకలు పట్టి బయటికి లాగినవాడు.
వాడి పేరిప్పుడు హైవే మీద వంతెనకుంది.
ఆస్పత్రికి ఎప్పుడెళ్ళినా
దాని కిందనుంచే పోతాం.
హార్లన్ రేడియో తగ్గిస్తాడు.

రాత్రి, "ఆ కీచురాయిని బయటికి తోలు" అంటాడు.
మంచు పడ్డాక కీచురాళ్ళుండవు.
అయినా లేచి, తలుపు తీసి,
కాసేపు చలిలో నిలబడి వస్తాను.
"పోయిందా?"
"పోయింది."

సాక్షి గడిలో
వంతెన పేరు రాశాను,
మైలురాయి నంబరుతో సహా.