మూడో తన్ను

గ్యుమ్రీ ఊరి చివర, గుర్గెన్ కోళ్ల షెడ్డులో దొరికింది
ఎర్ర ఇజ్ ప్లానెటా.
ట్యాంకు నిండా రెట్ట.
చిరిగిన సీటు స్పాంజిలో గుంట చేసుకుని
బూడిదరంగు పెట్ట ఒకటి పొదుగు కూర్చుంది.
"లేపకు, పాపం" అన్నాడు గుర్గెన్.
బేరం ఇరవై ఒక్క రోజులు ఆగింది.
పిల్లలు బయటికొచ్చిన రోజు
నేనే ఐదువేల ద్రాములు తగ్గించమన్నాను,
పెట్ట ఉన్నన్నాళ్ల అద్దె కింద.
నవ్వి, తగ్గించాడు.

నా కొలువు రొట్టెల పొయ్యి దగ్గర.
తెల్లవారుజామున మూడింటికి నిప్పు రాజెయ్యాలి.
మొదటి వ్యాను ఏడింటికి గాని రాదు.
రెండు చలికాలాలు నడిచాను.
వంతెన దగ్గరి కుక్కలు మొరగడం మానేసి
పక్కన నడవడం మొదలుపెట్టాయి.

పిండి లెక్కల పుస్తకానికి వెనక అట్ట నుంచి
బండి లెక్క రాశాను.
టైర్లు కొత్తవి. బ్రేకు లైనింగు కొత్తది.
ఈ రెండింటి దగ్గరా పిసినారితనం చెయ్యను.
క్లచ్ కేబులు ట్రాక్టరుది,
గాస్కెట్టు ఈస్టు డబ్బా అట్ట కత్తిరించి.
పెట్రోలు గొట్టానికి సెలైన్ పైపు తగిలించాను, తెలివనుకుని.
వారంలో బిగుసుకుపోయి పుటుక్కున విరిగింది.
కార్బురేటర్ విప్పి కడిగితే
అప్పటిదాకా ఓర్చుకున్న ఆయిల్ సీలు కారింది.
కొండనాలుకకు మందేస్తే అంటారే, అదే.

పాయింట్ల సందు కొలవడానికి పనిముట్టు లేదు.
రొట్టెల ఆర్డరు చీటీ, నాలుగు మడతలు.
సరిగ్గా దూరింది. సరిగ్గా మండింది.
ఇరవై అయిదు పాళ్ల పెట్రోలుకి ఒక పాలు నూనె:
అది మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు,
చిటికెడు ఉప్పుకే పిండి అలిగే ఇంట్లో పుట్టాను.

గుర్గెన్ మేనల్లుడు జావెన్ వచ్చి
"రంగేస్తే పెళ్లికూతురిలా ఉంటుంది" అన్నాడు.
రంగు చలికి అడ్డం పడుతుందా?
ఆ డబ్బు గ్లౌజులకి పోయింది.
ట్యాంకు మీద ముక్కుతో పొడిచిన గాట్లు
అలాగే ఉన్నాయి.

మొదటి నెల మూడుసార్లు ఆగింది.
ఒకసారి మంచులో, వంతెనకి అవతల.
అమ్మ నేర్పని మాటలన్నీ దాన్ని అన్నాను.
తర్వాత ప్లగ్గు విప్పి, చొక్కా అంచుతో తుడిచి,
చంకలో పెట్టుకుని వెచ్చబెట్టి, మళ్లీ బిగించి తన్నాను.
ఆ రోజు రొట్టెలు నలభై నిమిషాలు ఆలస్యం.
క్యూలో నిలబడ్డవాళ్లు
నా చేతుల మసి చూసి ఏమీ అనలేదు.

ఇప్పుడు రాత్రిళ్లు బ్యాటరీ విప్పి ఇంట్లోకి తెస్తాను.
పులియబెట్టిన పిండి పక్కన,
ఒకే ఉన్ని దుప్పటి కింద.
రెండూ వెచ్చగా పడుకుంటేనే పొద్దున లేస్తాయి.
"ఏది ఏదో చూసి పొయ్యిలో పెట్టు"
అంటుంది పిన్ని వార్సెనిక్.

ఒకటో తన్ను దానికి మెలకువ రావడానికి.
రెండోది నాకు.
మూడోదానికి దగ్గి, నీలం పొగ వదిలి,
వీధి కిటికీలన్నిటికీ నా టైము చెబుతుంది.
పొరుగున పసిపిల్ల తల్లి
ఆ చప్పుడుకే లేచి పాలిస్తుందట.

కుక్కలకే ఇంకా నమ్మకం కుదరలేదు.
రోజూ వంతెన దాకా వెంట పరిగెడతాయి,
ఎక్కడైనా ఆగితే
నడకకి తోడుండాలని.